పాత పుస్తకం ఎక్కడ ఆదుకుంటుంది, ఎక్కడ ముంచుతుంది

సందేహాలు - సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పుస్తకాల గురించే. డేటాబేస్‌కి ఏది చదవాలి, వెబ్ ప్రోగ్రామింగ్‌కి ఏది కొనాలి అని. రెండూ కలిపి ఒకే ప్రశ్నగా అడుగుతున్నారు గానీ, ఈ రెండింటికీ పుస్తకం ఎంచుకునే పద్ధతి ఒకటి కాదు. డేటాబేస్ పుస్తకం నెమ్మదిగా పాతబడుతుంది. వెబ్ పుస్తకం కళ్ళ ముందే పాతబడుతుంది. ఈ తేడా తెలియక డబ్బూ, అంతకంటే విలువైన ఉత్సాహమూ పోగొట్టుకున్న పిల్లల్ని చాలామందిని చూశాను. అందుకే ఈసారి కాస్త విడమరిచి రాస్తున్నాను.

*

బీఎస్సీ కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. కాలేజీలో కోర్త్ పుస్తకం చదవమంటారు. అమీర్‌పేటలో కోర్సు చేసిన మా సీనియర్ అన్న "అదంతా దండగ, ఇవాన్ బేరాస్ ఒక్కటి చాలు" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?
- ఒక విద్యార్థిని, నరసరావుపేట

అమ్మా, ఇద్దరూ మీ మంచికే చెప్పారు. కాకపోతే ఒకరు పరీక్షను, ఒకరు ఇంటర్వ్యూను దృష్టిలో పెట్టుకుని చెప్పారు.

మనవాళ్ళు కోర్త్ అని పిలుచుకునే 'డేటాబేస్ సిస్టమ్ కాన్సెప్ట్స్' మొదటి ఎడిషన్ 1986లో వచ్చింది, ఏడోది 2019లో. సిల్బర్‌షాట్జ్, కోర్త్‌లతో పాటు దాన్ని రాసిన సుదర్శన్ గారు ఐఐటీ బాంబేలో ప్రొఫెసర్. దాన్ని దండగ అంటే నేను ఒప్పుకోను. అయితే అట్ట నుంచి అట్ట దాకా చదవబోతే మూడో వారానికి అది మూలన పడడం ఖాయం. మీకిప్పుడు కావలసినవి రిలేషనల్ మోడల్, ఎస్‌క్యూఎల్ అధ్యాయాలు, ఈఆర్ మోడల్, నార్మలైజేషన్, ఆ తర్వాత ఇండెక్సులు, ట్రాన్సాక్షన్లు. క్వెరీ ఆప్టిమైజేషన్, డిస్ట్రిబ్యూటెడ్ డేటాబేసులు ఉద్యోగంలో చేరి రెండేళ్ళయ్యాక చదివినా మించిపోయింది లేదు. మీ లైబ్రరీలో ఎల్మాస్రీ, నవాతే రాసిన పుస్తకం కూడా ఉంటే ఈఆర్ మోడల్ అందులో చదవండి. ఒకే కంపెనీ ఉదాహరణను పట్టుకుని ఉద్యోగులు, శాఖలు, ప్రాజెక్టులు అంటూ నిదానంగా నడిపిస్తారు.

వీటిని కొత్తవి కొననక్కర్లేదు. ఐబీఎంలో పనిచేసిన కాడ్ 1970లో రిలేషనల్ మోడల్ గురించి రాసిన వ్యాసమే ఇప్పటికీ ఈ శాస్త్రానికి పునాది. 1974లో చాంబర్లిన్, బాయిస్ ప్రతిపాదించిన సీక్వెల్ భాషే తర్వాత ఎస్‌క్యూఎల్ అయింది. పునాది కదలలేదు కనుక పదిహేనేళ్ళ కిందటి కోర్త్ పాత పుస్తకాల కొట్లో దొరికినా నిశ్చింతగా తెచ్చుకోండి. నార్మలైజేషన్ అప్పుడెంతో ఇప్పుడూ అంతే.

ఇక బేరాస్. బీపీబీ వాళ్ళు వేసిన ఆ పుస్తకంతో ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్ళు మన దగ్గర చాలామంది. టైపు చేసి చూసుకోవడానికి ఉదాహరణలు సమృద్ధిగా ఉంటాయి. అయితే అది ఒరాకిల్ పుస్తకమన్న సంగతి మరిచిపోవద్దు. ఒరాకిల్‌లో ఖాళీ అక్షరాల గడికీ నల్‌కీ తేడా లేదు. మైఎస్‌క్యూఎల్‌లో, పోస్ట్‌గ్రెస్‌లో ఉంది. ఒక్క ఒరాకిల్ మీదే నేర్చుకున్న పిల్లలు వేరే చోట చేరిన మొదటి నెలలో ఇక్కడే తడబడుతుంటారు. అందుకని నేనైతే అభ్యాసానికి ఆలన్ బ్యూలియూ రాసిన 'లెర్నింగ్ ఎస్‌క్యూఎల్' చెబుతాను. 2020 నాటి మూడో ఎడిషన్ తీసుకోండి. దాన్ని వేసిన ఓరైలీ సంస్థ పుస్తకాలకు ష్రాఫ్ వాళ్ళ భారతీయ ముద్రణలు ఉంటాయి, ధర అందుబాటులో ఉంటుంది.

ఏ పుస్తకమైనా కొనే ముందు దుకాణంలోనే ఒక పరీక్ష పెట్టండి. వెనక ఇండెక్స్ పేజీలో నల్ అనే మాట వెతికి, ఆ పేజీలు తీసి చదవండి. నల్ అంటే సున్నా కాదని, ఖాళీ కాదని, "తెలియదు" అని చెప్పి, దానివల్ల క్వెరీ జవాబు ఎలా మారుతుందో ఉదాహరణతో చూపిస్తే ఆ రచయితకు పని తెలుసు. రెండు వాక్యాల్లో దాటేస్తే ఆ పుస్తకం అక్కడే పెట్టేయండి. ఈ పరీక్ష నన్ను ఇంతవరకూ మోసం చేయలేదు.

ఇంకొక్క మాట. పుస్తకంలో ఇచ్చిన ఉదాహరణలతో ఆగిపోకండి. మీ వీధిలో కిరాణా కొట్టు అరువు పుస్తకం ఒకసారి చూడనివ్వమని అడగండి. ప్రతి వరుసలో తేదీ, మనిషి పేరు, ఫోన్ నంబరు, సరుకు, ఎంత అని ఉంటుంది. ఒకే మనిషి ఫోన్ నంబరు నలభై చోట్ల రాసి ఉంటుంది. ఆయన నంబరు మార్చాడనుకోండి, నలభై చోట్లా కొట్టేసి రాయాలి, ఎక్కడో రెండు మిగిలిపోతాయి. నార్మలైజేషన్ అధ్యాయం అంతా చెప్పేది ఈ బాధ గురించే. ఆ పుస్తకాన్ని ఖాతాదారులు, సరుకులు, పద్దులు, జమలు అని నాలుగు టేబుళ్ళుగా విడదీయండి. ఒక నెల అరువును ఎక్కించండి. ఆ తర్వాత కోర్త్ తెరిస్తే అందులోని నిర్వచనాలు వాటంతటవే అర్థమవుతాయి.

*

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ పుస్తకం చవగ్గా దొరికింది. ఎనిమిది వందల పేజీలు. ఉదాహరణలు ఉన్నదున్నట్టు టైపు చేసినా మైఎస్‌క్యూఎల్_కనెక్ట్ అనే ఫంక్షనే లేదని ఎర్రర్ వస్తోంది. నెల రోజులుగా ఇదే గొడవ. నాకు ఈ పని అచ్చి రాదేమో అనిపిస్తోంది.
- ప్రైవేటు ఉద్యోగి, ఉప్పల్

తప్పు మీది కానే కాదు. ముందు ఆ దిగులు వదిలేయండి. మీరు నమ్మకంగా టైపు చేశారు, పుస్తకమే కాలం చెల్లినది.

మైఎస్‌క్యూఎల్_ అని మొదలయ్యే ఆ పాత ఫంక్షన్లను 2013లో వచ్చిన పీహెచ్‌పీ 5.5లోనే వాడొద్దన్నారు. 2015 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7లో పూర్తిగా తీసేశారు. మీ కంప్యూటర్‌లో ఉన్నది 8 అయి ఉంటుంది. కనుక ఆ పుస్తకంలోని కనెక్షన్ ఉదాహరణ ఒక్కటీ నడవదు. ఇప్పుడు వాడేవి పీడీఓ లేదా మైఎస్‌క్యూఎల్ఐ.

నడవకపోవడం ఒక రకంగా మీ అదృష్టం. ఆ కాలపు పుస్తకాల్లో చాలావాటిలో, వాడుకరి ఫారంలో నింపిన పేరును అలాగే తెచ్చి క్వెరీ వాక్యంలో అతికించడం కనిపిస్తుంది. పేరు గడిలో డి'సౌజా అని నింపారనుకోండి. మధ్యలో ఉన్న ఆ కోట్ గుర్తు దగ్గర మీ క్వెరీ వాక్యం అర్ధాంతరంగా ముగిసిపోతుంది, పాపం ఆయన పేరు నమోదు కాదు. అదే గుర్తు తర్వాత ఒక గడుసువాడు పేరుకి బదులు తనకు కావలసిన ఎస్‌క్యూఎల్ ముక్క రాస్తే, పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి వచ్చేస్తాడు. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అనేది దీన్నే. విరుగుడు ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్. క్వెరీ వాక్యం వేరుగా, వాడుకరి ఇచ్చిన విలువ వేరుగా డేటాబేస్‌కి వెళ్తాయి కనుక ఆ విలువ ఎన్నటికీ ఆజ్ఞగా మారదు. వెబ్ పుస్తకంలో డేటాబేస్‌లోకి రాసే మొట్టమొదటి ఉదాహరణే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌తో ఉందా లేదా చూడండి. "భద్రత" అని చివర్లో ఒక అధ్యాయం పెట్టి అక్కడ చెబుతానన్న పుస్తకం నాకు నచ్చదు. అప్పటికి చేతికి పాత అలవాటు పట్టేసి ఉంటుంది.

ఫుట్‌పాత్ మీద పుస్తకం వయసు కనిపెట్టడానికి మొదట కాపీరైట్ పేజీలో సంవత్సరం చూడండి. మన దగ్గర పునర్ముద్రణ తేదీ పైన పెద్దగా కనిపిస్తుంది, అది లెక్కలోకి రాదు, మూల ఎడిషన్ ఏ ఏడాదిదో చూడాలి. తర్వాత లోపలి కోడ్ చూడండి. జావాస్క్రిప్ట్‌లో అన్నిచోట్లా వార్ మాత్రమే ఉండి లెట్, కాన్‌స్ట్ ఎక్కడా లేకపోతే అది 2015కు ముందు మాట. పేజీ అమరికకు హెచ్‌టీఎంఎల్ టేబుళ్ళు వాడుతుంటే ఇంకా పాతది.

బదులుగా జాన్ డకెట్ 2022లో తెచ్చిన 'పీహెచ్‌పీ అండ్ మైఎస్‌క్యూఎల్' గానీ, రాబిన్ నిక్సన్ పుస్తకం 2021 ఎడిషన్ గానీ చూడండి. ఏది కొన్నా పీహెచ్‌పీ అధికారిక మాన్యువల్ పక్కన తెరిచి ఉంచుకోండి. మీరు కొన్నదాన్ని పారేయకండి. అందులో టేబుళ్ళ రూపకల్పన, సెలెక్ట్, జాయిన్ గురించి ఉన్న అధ్యాయాలు ఇప్పటికీ పనికొస్తాయి. పీహెచ్‌పీ భాగాన్ని మాత్రం పిన్ను కొట్టి మూసేయండి.

*

మాది శ్రీకాకుళం జిల్లా. పాలిటెక్నిక్ దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషు పుస్తకం ఒక పేజీ చదవడానికి అరగంట పడుతోంది. తెలుగులో మంచి పుస్తకం ఏదైనా చెప్పండి.
- ఒక యువకుడు

పూర్తిగా తెలుగు పుస్తకం మీదే ఆధారపడమని నేను చెప్పను. రేపు పనిలో వచ్చే ఎర్రర్ సందేశాలు, మాన్యువళ్ళు అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి కదా. తెలుగును మాత్రం వదలకండి, అది మీకు ఇక్కడ సాయపడుతుంది. ఎలాగో చూపిస్తాను.

ఎస్‌క్యూఎల్ క్వెరీ రాసేటప్పుడు సెలెక్ట్ ముందు వస్తుంది, ఫ్రమ్ తర్వాత, వేర్ ఆ తర్వాత. కానీ డేటాబేస్ దాన్ని అర్థం చేసుకునే వరుస అది కాదు. ముందు ఫ్రమ్, తర్వాత వేర్, తర్వాత గ్రూప్ బై, ఆ తర్వాతే సెలెక్ట్. ఇప్పుడు తెలుగులో చెప్పి చూడండి: "పద్దుల్లోంచి, ఈ నెలవి ఏరి, మనిషి వారీగా పోగేసి, మొత్తం చూపించు." క్రియ చివర వచ్చే మన వాక్యం సరిగ్గా డేటాబేస్ ఆలోచించే వరుసలోనే ఉంది! సెలెక్ట్‌లో పెట్టిన కొత్త పేరును వేర్‌లో వాడితే ఎందుకు ఒప్పుకోదో ఇంగ్లీషు మీడియం పిల్లలకు విడిగా చెప్పాల్సి వస్తుంది. మీకు వాక్యంలోనే తెలిసిపోతుంది. ఏరేటప్పటికి మొత్తం ఇంకా పుట్టలేదు కదా. క్వెరీ రాసే ముందు ప్రతిసారీ తెలుగులో ఒక వాక్యం రాసుకోండి.

పుస్తకం చదివేటప్పుడు పేజీ పైనుంచి కిందికి కాకుండా, ముందు కోడ్ చదివి టైపు చేయండి, ఫలితం చూడండి, తర్వాత వివరణకు రండి. ఏం చెబుతున్నాడో సగం తెలిసి చదివితే ఇంగ్లీషు బరువు తగ్గుతుంది. సాంకేతిక పుస్తకాల్లో మాటలు మళ్ళీ మళ్ళీ అవే వస్తాయి. ఒక నోటుబుక్కులో అర్థాలు రాసుకుంటూ వెళ్ళండి. యాభై పేజీలు దాటాక కొత్త మాటలు రావడం తగ్గిపోతుంది. ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్‌లో తెలుగులో చెప్పిన పాఠాలు ఉచితంగా ఉన్నాయి, మొదటి నెల వాటితో నడిపించండి. అరగంటకు ఒక పేజీ అన్నారు. మొదట్లో అది తక్కువేమీ కాదు.

*

ఏఐని అడిగితే క్వెరీ క్షణంలో రాసిస్తోంది. ఇంకా పుస్తకాలు చదవాలా?
- ఇంజనీరింగ్ విద్యార్థి, తిరుపతి

రాసిస్తుంది. అది రాసింది ఒప్పో కాదో ఎవరు చెప్పాలి?

పైన చెప్పిన కిరాణా కొట్టునే తీసుకుందాం. ఒకాయన మూడుసార్లు అరువు తీసుకున్నాడు: 100, 200, 300 రూపాయలు. రెండుసార్లు జమ కట్టాడు: 150, 50. అంటే 600లో 200 పోను బాకీ 400. ఖాతాదారుల టేబుల్‌ను పద్దులతోనూ, జమలతోనూ ఒకేసారి జాయిన్ చేసి మొత్తాలు తీసే క్వెరీ రాశారనుకోండి. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, ఎర్రర్ రాదు. కానీ ప్రతి పద్దు ప్రతి జమతోనూ జత కడుతుంది, మూడు రెళ్ళు ఆరు వరుసలు తయారవుతాయి. అరువు రెండింతలై 1200, జమ మూడింతలై 600 అవుతాయి. బాకీ 600 అని వస్తుంది. ఆ కొట్టాయన దాన్ని నమ్మి అడిగితే, ఊళ్ళో తగవే.

మనుషులూ ఈ తప్పు చేస్తారు, యంత్రమూ చేస్తుంది. జాయిన్ అంటే వరుసలు గుణించుకోవడమని చదివి, చేత్తో రాసి చూసుకున్నవాళ్ళకు మాత్రమే ఆ 600 దగ్గర అనుమానం వస్తుంది. పద్దుల మొత్తం విడిగా, జమల మొత్తం విడిగా తీసి, ఆ తర్వాత కలపాలి. పుస్తకం చదివేటప్పుడు అర్థంకాని పేరాను వేరే మాటల్లో చెప్పమని ఏఐని అడగండి, మంచిదే. అభ్యాసాలు మాత్రం దానికి అప్పజెప్పకండి. అవి మీకోసం రాసినవి.

*

పెళ్ళికి ముందు రెండేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. పిల్లలు బడికి వెళ్తున్నారు, మళ్ళీ ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నాను. రియాక్ట్ వస్తే చాలంటున్నారు. రియాక్ట్ మీద మంచి పుస్తకం చెప్పగలరా?
- ఒక గృహిణి, హనుమకొండ

రియాక్ట్ పుస్తకం ఇప్పుడే కొనకండమ్మా. 2013లో రియాక్ట్ బయటికి వచ్చింది. 2019 ఫిబ్రవరిలో హుక్స్ అనే కొత్త పద్ధతి రావడంతో రాసే తీరే మారిపోయింది, అంతకుముందు అచ్చయిన పుస్తకాలు ఒక్కసారిగా వెనకబడ్డాయి. ఎన్నో పుస్తకాలు మొదటి అధ్యాయంలోనే వాడమన్న క్రియేట్ రియాక్ట్ యాప్‌ను 2025లో పక్కన పెట్టేశారు. ఇలాంటివాటికి వాళ్ళ అధికారిక పాఠాలే మేలు, అవి ఎప్పటికప్పుడు మారుతుంటాయి, ఖర్చూ లేదు.

డబ్బు పెట్టేదేదో అడుగున ఉన్న జావాస్క్రిప్ట్ మీద పెట్టండి. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్‌లకు మొజిల్లా వాళ్ళ ఎండీఎన్ చాలు. జాన్ డకెట్ 2011లో తెచ్చిన పుస్తకం రంగుల బొమ్మలతో చాలా అందంగా ఉంటుంది, భయం పోగొడుతుంది. కానీ ఇప్పుడు పేజీ అమరికకు వాడే గ్రిడ్ 2017లో గానీ బ్రౌజర్లలోకి రాలేదు, అందులో ఉండదు. తర్వాత మరైన్ హావెర్‌బెకె రాసిన 'ఎలొక్వెంట్ జావాస్క్రిప్ట్'. నాలుగో ఎడిషన్ 2024లో వచ్చింది, రచయితే ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోనిచ్చాడు. మొదటి నాలుగు అధ్యాయాలు సాఫీగా సాగుతాయి, అయిదోదాని దగ్గర చాలామంది ఆగిపోతారు. అక్కడ మీరు ఆగిపోతే బెంగపడకండి. పుస్తకం మూసి, నేర్చుకున్నంతతో ఒక చిన్న పని చేయండి. మీ పిల్లల బడి ఫీజులు, పుస్తకాల ఖర్చు రాసుకునే ఒక పేజీ చాలు. రెండు వారాలయ్యాక మళ్ళీ అదే అధ్యాయం తెరవండి.

క్రాక్‌ఫర్డ్ రాసిన 'జావాస్క్రిప్ట్: ద గుడ్ పార్ట్స్' కొనమని ఎవరైనా చెప్పవచ్చు. ఒకప్పుడు నేనూ చెప్పేదాన్నే. 2008 పుస్తకమది. తర్వాత భాష ఎంతో మారింది, మొదటి పుస్తకంగా ఇప్పుడు వద్దు.

టెస్టింగ్ చేశానన్నారు. ఫారంలో ఏ గడి ఖాళీగా వదిలితే ఏమవుతుందో ముందే ఊహించే అలవాటు మీకుంది. కొత్తగా వచ్చేవాళ్ళలో అది అరుదు, దరఖాస్తులో ఆ రెండేళ్ళనూ తప్పక రాయండి.

*

మా ఊరి గ్రంథాలయం పుస్తకాల జాబితాను వెబ్‌లో పెట్టే పని స్వచ్ఛందంగా తీసుకున్నాను. తెలుగు పేర్లు ఎక్కిస్తే ప్రశ్నార్థకాలు కనిపిస్తున్నాయి. నా దగ్గరున్న మైఎస్‌క్యూఎల్ పుస్తకంలో దీని గురించి ఏమీ లేదు.
- విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

మాస్టారూ, మీ ఉత్తరం చదివి చాలా సంతోషం కలిగింది. ఇది నాకు దగ్గరి సమస్య. మొదటి ఉద్యోగంలో చేరినప్పుడు ఒక సంస్థకు చెందిన వేల తెలుగు పేర్లు ఇలాగే ప్రశ్నార్థకాలుగా మారి ఉండగా చూశాను. కాగితాలు తిరగేసి అన్నీ మళ్ళీ ఎక్కించాం. ప్రశ్నార్థకాలుగా నిల్వ అయిపోతే అసలు అక్షరం ఎక్కడా మిగలదు, వెనక్కి రాబట్టే దారి లేదు. అందుకని ముందు ఎక్కించడం ఆపండి. తల మీద చిన్న గీత ఉన్న ఇంగ్లీషు ఎ అక్షరం, దాని పక్కన డిగ్రీ సున్నా, మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంటే మాత్రం భయం లేదు. తెలుగు బైట్లు లోపల భద్రంగా ఉండి, చదివేవాడు వేరే లిపిగా చదువుతున్నాడని అర్థం. అది సాధారణంగా బాగుపడుతుంది.

శ్రీనివాసరావు అనే పేరు తీసుకోండి. కంటికి ఆరు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అంటూ విడిగా లెక్కపెడితే పదమూడు. యూటీఎఫ్-8లో ఒక్కొక్కదానికి మూడు బైట్లు, మొత్తం 39. ఒరాకిల్‌లో మామూలు అమరికతో 30 అని కాలమ్ పెడితే అది 30 బైట్లు, కనుక ఈ పేరు పట్టదు. శ్రీనివాస్ అయితే సరిగ్గా పడుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో 30 అంటే బైట్లు కాదు, యూనికోడ్ గుర్తులు, కనుక రెండూ పడతాయి. ఇంగ్లీషు పేర్లతో రాసిన పుస్తకంలో ఈ తేడా ఎదురే కాదు.

మైఎస్‌క్యూఎల్ 2018లో 8.0 వచ్చేదాకా మనం వేరేది చెప్పకపోతే లాటిన్1 అనే అమరికనే ఇచ్చేది. అందులో తెలుగుకు చోటు లేదు. మీ పుస్తకం ఆ కాలానిదై ఉంటుంది. డేటాబేస్, టేబుల్, కనెక్షన్ మూడింటికీ యూటీఎఫ్8ఎంబీ4 పెట్టండి. ఉత్త యూటీఎఫ్8 అనే పాత పేరు చాలదు. అది అక్షరానికి మూడు బైట్లే ఇస్తుంది, తెలుగు సరిపోతుంది గానీ ఎవరైనా ఎమోజీ పెట్టినప్పుడు ఆగిపోతుంది. కొత్త పుస్తకం కొనాల్సిన పని లేదు. మైఎస్‌క్యూఎల్ మాన్యువల్‌లో క్యారెక్టర్ సెట్ల అధ్యాయం చదవండి. జోయెల్ స్పోల్‌స్కీ 2003లో యూనికోడ్ మీద రాసిన వ్యాసం కూడా ఉచితంగా దొరుకుతుంది, ఈ గందరగోళం మొత్తం ఎలా పుట్టిందో అందులో తేటగా ఉంటుంది.

ఏ పుస్తకమూ చెప్పనిది ఇంకొకటుంది. పెళ్ళి, పెళ్లి అని మనం రెండు రకాలుగా రాస్తాం. డేటాబేస్‌కి అవి రెండు వేర్వేరు మాటలు. ఒకటి వెతికితే రెండోది రాదు. పుస్తకం అట్ట మీద ఉన్నట్టే ఒక కాలమ్‌లో ఉంచి, వెతకడానికి ఒకే వర్ణక్రమంలోకి మార్చిన పేరు ఇంకో కాలమ్‌లో పెట్టండి. మీ పాఠకులు మిమ్మల్ని తలుచుకుంటారు.

*

మా గ్రూపులో ఈ పుస్తకాల పీడీఎఫ్‌లన్నీ తిరుగుతున్నాయి. దించుకోవచ్చా?
- ఒక విద్యార్థి, నిజామాబాద్

వద్దు. రచయిత ఉచితంగా ఇచ్చినవే మీకు ఏడాదికి సరిపోతాయి: పోస్ట్‌గ్రెస్ మాన్యువల్‌లోని ట్యుటోరియల్, 'ఎలొక్వెంట్ జావాస్క్రిప్ట్', ఎండీఎన్. మిగతావాటికి కాలేజీ లైబ్రరీ. పైగా రెండు వందల పీడీఎఫ్‌లు ఉన్న ఫోన్లు చూశాను, పదో పేజీ దాటిన పుస్తకం వాటిలో ఒక్కటీ కనబడలేదు.

*

నాలుగేళ్ళుగా ఉద్యోగంలో ఉన్నాను. పన్నెండు లక్షల రికార్డులున్న టేబుల్‌లో పేరుతో వెతికితే చాలాసేపు పడుతోంది. ఇంటిపేరు, పేరు కలిపి ఇండెక్స్ ఉంది. అయినా నెమ్మది. ఇప్పుడు ఏ పుస్తకం చదవాలి?
- ప్రోగ్రామర్, విశాఖపట్నం

మార్కస్ వినాండ్ 2012లో రాసిన 'ఎస్‌క్యూఎల్ పెర్ఫార్మెన్స్ ఎక్స్‌ప్లెయిన్డ్'. సన్న పుస్తకం, ఇండెక్సుల గురించి తప్ప వేరే మాట లేదు. అందులోని సరుకు చాలామటుకు 'యూజ్ ద ఇండెక్స్, లూక్' అనే పేరుతో ఆయనే ఉచితంగానూ పెట్టారు. పదేళ్ళు దాటినా కొత్తగానే ఉంది, ఎందుకంటే ఇండెక్సుల వెనక ఉండే బీ-ట్రీ అనే అమరిక మారలేదు.

మీ సమస్య ఉత్తరంలోనే కనబడుతోంది. ఇంటిపేర్ల వరుసలో అచ్చేసిన ఒక పెద్ద జాబితా మీ చేతిలో ఉందనుకోండి. ప్రతి ఇంటిపేరు కిందా పేర్లు మళ్ళీ వరుసగా ఉన్నాయి. అందులో ఒక ఇంటిపేరు వాళ్ళందర్నీ చిటికెలో చూపించగలరు. ఇంటిపేరు చెప్పకుండా వెంకటేశ్వర్లు అనే పేరున్నవాళ్ళందర్నీ చూపమంటే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పాల్సిందే. మీ ఇండెక్స్ పరిస్థితి అదే. పేరు ముందుండేలా ఇంకో ఇండెక్స్ కావాలి. క్వెరీకి ముందు ఎక్స్‌ప్లెయిన్ అని పెట్టి నడిపితే పాత ఇండెక్స్‌ను ఎలా వాడుతోందో, అసలు వాడుతోందో లేదో కనబడుతుంది. కొత్త ఇండెక్స్ పెట్టాక మళ్ళీ నడిపి రెండూ పక్కపక్కన చూడండి.

దీని తర్వాత బిల్ కార్విన్ 'ఎస్‌క్యూఎల్ యాంటీప్యాటర్న్స్' చదవండి. ఒకే కాలమ్‌లో కామాలు పెట్టి పది విలువలు కుక్కడం దగ్గరే ఆ పుస్తకం మొదలవుతుంది. నాకు ఒకచోట అలాంటి టేబుల్ అప్పగించారు, విద్యార్థి తీసుకున్న సబ్జెక్టులన్నీ కామాలతో ఒకే గడిలో ఉన్నాయి. ఒక సబ్జెక్టు పేరు మార్చడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ పుస్తకం అప్పుడే నా చేతిలో ఉండి ఉంటే ఆ టేబుల్‌ను మొదటి రోజే విడగొట్టేదాన్ని.

మార్టిన్ క్లెప్‌మాన్ 'డిజైనింగ్ డేటా-ఇంటెన్సివ్ అప్లికేషన్స్' పేరు మీ ఆఫీసులో అందరూ చెబుతుంటారు. చాలా గొప్ప పుస్తకం. ఒక మెషీన్ చాలక డేటాను పది మెషీన్ల మీద పరిచేవాళ్ళ కష్టాలు అందులో ఉంటాయి. పన్నెండు లక్షల వరుసలకు ఒక్క మెషీన్ హాయిగా సరిపోతుంది. ముందు ఆ ఇండెక్స్ పెట్టండి.